అమ్మ చెవిలో రైసుమిల్లు

ఆ ఏడు వానాకాలం నాకు చప్పుడు లేకుండా వచ్చింది.

నానక్‌రామ్‌గూడ పాత ఊళ్ళో నీలమ్మగారి ఇంట్లో పై వాటా మాది. వంటింటి కిటికీలోంచి చూస్తే ముందు ఒక వేపచెట్టు, దాని వెనక రేకులు కప్పిన పశువుల కొట్టం, ఆ వెనక ఒక్కసారిగా ఆకాశం దాకా లేచిన గాజు టవర్లు. మబ్బులు దిగి ఆ టవర్ల పై అంతస్తుల్ని మింగేసేవి. పాపను ఒళ్ళో వేసుకుని నేను ఆ కిటికీ దగ్గరే కూర్చునేదాన్ని. చినుకులు రేకుల మీద పడి ఎగరడం కనిపించేది. చూరు నీళ్ళు తీగల్లా జారడం కనిపించేది. చెవికి మాత్రం పక్కగదిలో ఎవరో పట్టుచీర మడత పెడుతున్నట్టు ఒక మెత్తని సడి తప్ప ఇంకేమీ అందేది కాదు. అది నాకు హాయిగానే ఉండేది. పాపకు నాలుగో నెల. నిద్రకూ మెలకువకూ మధ్య గోడ పలచబడిపోయిన రోజులవి. పురిటి మైకం ఇంకా వదల్లేదు, అంతే అనుకున్నాను.

భరత్ అలా అనుకోలేదు.

"ఉదయా, ఇంతసేపూ నేను ఎవరితో మాట్లాడినట్టు?" అన్నాడు ఒక పొద్దున. నేను అద్దం ముందు తల దువ్వుకుంటున్నాను. అద్దంలో అతని పెదవులు కదలడం చూసి అప్పుడు వెనక్కి తిరిగాను.

"ఏమన్నావు?"

"ఏం లేదులే."

ఆ 'ఏం లేదులే' మా ఇంట్లో రోజుకింత పేరుకుంటూ వచ్చింది. భరత్‌ది అనంతపురం. కోపం వస్తే గొంతు పెంచే మనిషి కాదు, తగ్గించేస్తాడు. తగ్గించినకొద్దీ నాకు ఇంకా వినిపించేది కాదు. నా మాట కూడా అతనికి అందడం లేదట. "గొణుగుతావు, అడిగితే మళ్ళీ గొణుగుతావు" అనేవాడు. నాకేమో నా గొంతు తల నిండా మోగుతూనే ఉండేది.

విచిత్రమేమిటంటే, బయటికి వెళ్తే అన్నీ వినిపించేవి. ఒక సాయంత్రం పాపను అమ్మ దగ్గర వదిలి కొత్తగూడ వెళ్ళాం. ఫ్లైఓవర్ కింద చాయ్ బండి దగ్గర ఆగాం. పైన లారీలు, పక్కన సిగ్నల్ పడక ముందే హారన్లు, షేర్ ఆటోవాళ్ళ కేకలు. ఆ గోలలో భరత్ చెప్పిన ప్రతి మాటా శుభ్రంగా, కడిగిన గిన్నెలా నా చెవిలో పడింది. వాళ్ళ టీమ్ లీడ్ సంగతి, మా పెళ్ళికి ముందు ఇదే చోట తడిసిన వాన సంగతి. చాలా రోజుల తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూ నవ్వుతూనే అతని మొహం మారిపోయింది.

"ఇంత గోలలో నా మాట వినబడింది నీకు. ఇంట్లో, అంత నిశ్శబ్దంలో వినబడదు."

"నిజంగానే వినబడదు భరత్."

"అంటే ఇంట్లో నా మాట వినాలని లేదేమో నీకు."

గ్లాసు బండి మీద పెట్టి అతను ముందు నడిచాడు. అతనన్నది నిజమేనేమోనని నాకే అనుమానం వచ్చింది.

పురుటికని తెనాలి నుంచి వచ్చిన అమ్మా నాన్నా మాతోనే ఉన్నారు అప్పటికి. నాన్న, శ్రీనివాసరావుగారు, ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన ఇంట్లో కాఫీ అడిగితే వీధి చివర వినిపిస్తుంది. ఫోనులో మాట్లాడితే ఆ అవతలి ఊరికి ఫోను అవసరం లేదని భరత్ నవ్వేవాడు. అమ్మ ఆయనకు పూర్తిగా భిన్నం. పుణ్యవతి అన్న పేరుకు తగ్గట్టు ఎవరినీ ఒక్క మాట అనదు. ఎవరేం చెప్పినా తల పైకెత్తి, మొహంలోకి నిదానంగా చూసి, చిన్నగా నవ్వుతుంది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి అమ్మ అంటే ఆ చూపు, ఆ నవ్వు. ఇంట్లో నాన్న మాట్లాడతారు, అమ్మ వింటుంది. లోకంలో అన్ని ఇళ్ళూ అంతే అనుకుంటూ పెరిగాను.

నీలమ్మగారికి ఆ నవ్వు నచ్చేది కాదు. "మీ అమ్మ మంచిదే బిడ్డా, గని జర గర్వమెక్కువ" అని నాతోనే అన్నది ఒకసారి. "మెట్ల మీద ఎనకనుంచి పలకరిస్త, పలకనే పలకదు."

ఆషాఢం మొదట్లో ఒక మధ్యాహ్నం వాన బాగా పట్టుకుంది. నాన్న కూరల కోసం వెళ్ళి ఎక్కడో చిక్కుకుపోయారు. భరత్ ఆఫీసులో ఉన్నాడు. పాపను పడగ్గదిలో నిద్రపుచ్చి వచ్చి నేను వంటింటి కిటికీ దగ్గర బట్టలు మడత పెడుతున్నాను. అమ్మ పీట మీద కూర్చుని గోంగూర వలుస్తోంది. వాన వెలుతురు గది నిండా బూడిదరంగు నీళ్ళలా నిలిచి ఉంది. ఇంత ప్రశాంతంగా ఉందేమిటి అనుకున్నాను.

అప్పుడు గుమ్మంలో నీలమ్మగారు కనిపించింది. కొంగు నెత్తిన కప్పుకుని, నిలువునా తడిసి ఉంది. మా ఇద్దరి వంకా ఒకసారి చూసి, మా మధ్య నుంచి వెళ్ళి పడగ్గది తలుపు తోసింది. గాలికి ఎప్పుడు మూసుకుందో ఆ తలుపు. లోపల పాప గుక్క పట్టి ఏడుస్తోంది. మొహం కందిపోయింది, గొంతు బొంగురుపోయింది. ఎంతసేపటి నుంచి ఏడుస్తోందో.

నీలమ్మగారు పాపను గుండెలకు హత్తుకుని నా ముందుకు వచ్చి నిలబడింది.

"ఏంది బిడ్డా గిది? ఇద్దరాడోళ్ళు ఇంట్ల కూసుండి పసిపిల్లను గిట్ల ఏడిపిస్తరా? కింద నాకు ఇనొస్తుంది. మీకు ఇనరాలే?"

పాపను తీసుకున్నాను. పాలు పడుతూ అమ్మ వంక చూశాను. అమ్మ నన్ను చూడటం లేదు, పాపను చూడటం లేదు. నీలమ్మగారి నోటి వంకే చూస్తోంది.

"తలుపు పడిపోయిందండీ గాలికి" అంది అమ్మ, మెల్లగా.

ఆ సాయంత్రమే అమ్మ పాప ఉయ్యాలను వంటింటి గుమ్మానికి ఎదురుగా జరిపింది, తను ఎక్కడ కూర్చున్నా కనబడేట్టు.

అదే నెలలో మళ్ళీ ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టాను. మాదాపూర్‌లో మా ఆఫీసు. వారంలో కొన్ని రోజులు వెళితే చాలు, మిగతావి ఇంటి నుంచే. ఒకరోజు క్లయింట్ కాల్ మొదలయ్యే వేళకు నా ఇయర్‌ఫోన్లలో చార్జింగ్ అయిపోయింది. పక్క సీటు సంధ్య తనవి ఇచ్చింది. సంధ్యది కరీంనగర్. పొద్దున్నే దుర్గం చెరువు దగ్గర పరుగెత్తే అలవాటు ఆమెకి. ఆమె పెట్టుకునేవి చెవిలో దూర్చేవి కావు. చెవికి ముందు, దవడ ఎముక మీద ఆనించేవి.

పెట్టుకున్నాను. అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు. కాగితం తిప్పారు. ఇంకెవరో కుర్చీ జరుపుకున్నారు. ఇన్నాళ్ళూ దుప్పటి కింద నుంచి వచ్చిన గొంతులు ఒక్కసారిగా దుప్పటి తీసి నా ఎదురుగా కూర్చున్నాయి. సౌండు పెంచానేమో అని చూశాను. సగం కూడా లేదు. అవి తీసేశాను. దూది మళ్ళీ కమ్ముకుంది. సంధ్య పెదవులు కదులుతున్నాయి. పెట్టుకున్నాను, తీశాను, మళ్ళీ పెట్టుకున్నాను.

కాల్ అయ్యాక సంధ్య నా భుజం తట్టింది. "ఏమైందే? గట్ల చేస్తున్నవేంది?"

ఆమెకు అంతా చెప్పాను. ఎవరికైనా చెప్పడం అదే మొదలు.

"నాకేం తెల్వదు గానీ," అంది సంధ్య ఆలోచిస్తూ, "దవడ బొక్క మీద పెడితే మంచిగ ఇనొస్తుందంటే నీ చెవి మొత్తం పోలేనట్టే కదా. మధ్యల ఏదో అడ్డమున్నది. పరేషాన్ కాకు. జర చెవి డాక్టర్‌కు చూపించుకో."

మాదాపూర్‌లోనే ఒక చెవి ఆసుపత్రికి వెళ్ళాం. పాలివ్వాలి కాబట్టి పాపను ఎత్తుకుని అమ్మా నాన్నా కూడా వచ్చారు. భరత్ ఆఫీసు నుంచి నేరుగా వచ్చి కలుస్తానన్నాడు. గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి పరీక్షలు చేశారు. గోడలకు స్పాంజి అతికించిన ఆ గదిలో నిశ్శబ్దం ఎంత చిక్కగా ఉందంటే, నా చెవిలో ఎప్పుడూ ఉండే హోరు ఒడ్డుకొచ్చిన అలలాగా పెద్దదైంది.

డాక్టరు ఒక మధ్యవయసు ఆవిడ. జలుబు చేసిందని మాస్కు పెట్టుకుని ఉంది. ఇనుప చిమటాలాంటి ఒక ఫోర్కును మోచేతికి కొట్టి నా చెవి ముందు పట్టింది. సన్నగా వినిపించింది. అదే ఫోర్కు మొదలును చెవి వెనక ఎముకకు ఆనించింది. గుడిగంట మోగి ఆగాక మిగిలే నాదంలా తల నిండా పాకింది.

"ఇదేనమ్మా సంగతి" అందావిడ కొంచెం గొంతు పెంచి. "చెవిలో కర్ణభేరి వెనక మూడు చిన్న ఎముకలుంటాయి. చివరిది మరీ చిన్నది, వరిగింజంత కూడా ఉండదు. గుర్రం ఎక్కేటప్పుడు కాలు పెట్టే రికాబులా ఉంటుంది. శబ్దం వచ్చినప్పుడల్లా అది కదిలి లోపలికి అందించాలి. మీకు దాని చుట్టూ కొత్త ఎముక పెరిగి బిగుసుకుపోయింది. ఓటోస్క్లెరోసిస్ అంటాం. లోపలి నరం బాగానే ఉంది. తలుపు తుప్పు పట్టింది కానీ ఇంట్లో దీపం వెలుగుతూనే ఉంది, అనుకోండి."

"మరి రోడ్డు మీద బాగా వినిపిస్తుంది కదండీ నాకు?"

"గోలగా ఉన్న చోట అందరూ తెలియకుండానే గొంతు పెంచుతారు. ఆ గోల మాత్రం మీకు సగమే చేరుతుంది. మాట పైకి తేలుతుంది. ఈ జబ్బున్న వాళ్ళు చాలామంది ఇదే చెబుతారు. మీ గొంతు మీకు ఎముకల ద్వారా గట్టిగా వినిపిస్తుంది కాబట్టి మెల్లగా మాట్లాడతారు."

అప్పుడే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ భరత్ ఆ మాటలు విన్నాడు. అతను నా వంక చూడలేకపోయాడు.

"కొందరికి కాన్పు తర్వాత ఎక్కువవుతుంది," అంది డాక్టరు. "ఇది వంశంలో రావచ్చు. మీ ఇంట్లో ఇంకెవరికైనా వినికిడి తక్కువా?"

"లేదండీ" అన్నాను.

డాక్టరు కాగితాల మీద రాసుకుంటూనే అమ్మ వైపు తల తిప్పింది. "మీకెలా ఉందమ్మా? బాగా వినిపిస్తుందా?"

అమ్మ ఒళ్ళో పాప ఉంది. అమ్మ తల పైకెత్తి, డాక్టరు మాస్కు వంక నిదానంగా చూసి, చిన్నగా నవ్వింది.

"అయిదో నెల అండీ" అంది.

ఏసీ గాలికి బల్ల మీద కాగితం అంచు లేచి పడింది. జవాబు చెప్పబోయి నాన్న నోరు తెరిచారు, మళ్ళీ మూసుకున్నారు. డాక్టరు రాయడం ఆపింది. మాస్కు కిందికి దించి, కుర్చీ జరుపుకుని అమ్మకు ఎదురుగా కూర్చుంది.

"పాప సంగతి కాదమ్మా. మిమ్మల్ని అడుగుతున్నాను" అంది, ఒక్కొక్క మాటా విడివిడిగా.

అమ్మ మొహంలో నవ్వు కాసేపు అలాగే ఉంది. తర్వాత మెల్లగా వెళ్ళిపోయింది. పాప జుట్టు సవరిస్తూ, "నాకు అలవాటేనండీ" అంది.

అమ్మకూ అదే రోజు పరీక్షలు చేశారు. రెండు చెవుల్లోనూ అదే, ఎన్నో ఏళ్ళ నుంచీ. లోపలి నరం కూడా కొంత దెబ్బతిన్నదన్నారు. మిషన్ పెట్టుకుంటే బాగా పనికొస్తుందన్నారు. నాకైతే ఆపరేషన్ చేయొచ్చు. బిగిసిన ఎముక స్థానంలో ఒక సన్నని పిస్టన్ పెడతారు. ఎక్కువమందికి బాగవుతుంది. ఎప్పుడో ఎవరికో ఉన్న వినికిడి కూడా పోవచ్చు. పాపకు వస్తుందా అని అడిగాను. రావచ్చు, రాకపోవచ్చు, వచ్చినా ఇప్పుడు చూసుకోవడానికి దారులున్నాయి అన్నారు.

మందుల కౌంటరు దగ్గర నాన్న నాతో నిలబడ్డారు. "నాకు తెలుసమ్మా" అన్నారు. ఆయన ఎంత ప్రయత్నించినా మాట చుట్టుపక్కల అందరికీ వినిపించింది. "నువ్వు పుట్టిన కొత్తలోనే తెలుసు. చూపిద్దామంటే ఒప్పుకోలేదు. చెవిటిది అని పేరు పడితే ఆ వీధిలో తలెత్తుకోలేనంది. సరే, నేనే కాస్త గట్టిగా మాట్లాడితే పోలా అనుకున్నా. అలా అలవాటైపోయింది."

మా ఇంటి చప్పుడంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉందని అప్పుడు తెలిసింది నాకు.

తర్వాతి ఆదివారం మా వీధిలో బోనాలు. పాపకు చప్పుడు పడదని భరత్ పైన తలుపులన్నీ వేసి కూర్చున్నాడు. నేనూ అమ్మా గేటు దగ్గర నిలబడ్డాం. వేపమండలు కట్టిన బోనాలు, వాటి మీద దీపాలు, తడిసిన రోడ్డు మీద పసుపునీళ్ళు. టవర్ల గాజు అద్దాల్లో ఆ దీపాలు ఎక్కడో మబ్బుల్లో నడుస్తున్నట్టు కనిపించాయి. డప్పులు మా గేటు ముందుకు వచ్చి ఆగాయి. జనమంతా ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటున్నారు. నేనూ అమ్మా మాత్రం హాయిగా మాట్లాడుకున్నాం. అన్ని మాటలు మేమిద్దరం అంతకు ముందెప్పుడూ మాట్లాడుకోలేదు.

"నీ చెవిలో ఏం వినిపిస్తుంటుందే?" అని అడిగింది అమ్మ.

"సముద్రం. శంఖం చెవి దగ్గర పెట్టుకున్నట్టు. నీకు?"

"రైసుమిల్లు." అమ్మ నవ్వింది. "తెనాల్లో మన వీధి చివర ఉండేది కదా. నువ్వు పుట్టాక మొదలైంది. పగలూ రాత్రీ ఆడుతూనే ఉండేది. కొన్నాళ్ళకి ఆ మిల్లు మూసేశారు. అయినా ఆగలేదు. మిల్లు మళ్ళీ తెరిచారా అని పక్కింటావిడని అడిగాను. ఆవిడ నన్ను అదోలా చూసింది. ఇక ఎవర్నీ అడగలా."

"ఇక్కడికొచ్చాక?"

"ఇక్కడా ఆడుతోంది. మొదటిరోజు, ఈ ఊళ్ళో కూడా మిల్లుందేమో అనుకుని కిటికీలోంచి చూశాను. అన్నీ అద్దాల మేడలే."

"నాకెందుకు చెప్పలేదమ్మా ఇన్నాళ్ళూ?"

అమ్మ డప్పుల వంక చూసింది. "నువ్వు పుట్టాక వచ్చిందంటే, నీ మూలంగా వచ్చిందనుకుంటావని."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. డప్పు దరువు మా అరిచేతుల్లో తెలుస్తోంది. బోనం దించి వచ్చిన నీలమ్మగారు మా ఇద్దరినీ చూసి ఆగింది. సంగతి నాన్న నోటి ద్వారా ఆమెకు అప్పటికే చేరిపోయినట్టుంది. ఆమె అమ్మ దగ్గరికి వచ్చి, అమ్మ నుదుటి మీద బొట్టు పెట్టి, "ముందుగాల్నే చెప్పొద్దా అక్కా? నేనేందో అనుకుంటి" అంది. ఆ రోజు నుంచి ఆమె మెట్ల మీద అమ్మను వెనక నుంచి పిలవలేదు. రెండు మెట్లు దిగొచ్చి, ఎదురుగా నిలబడి మాట్లాడేది.

ఆపరేషన్ వద్దనే అన్నాడు భరత్. "మిషన్ పెట్టుకుంటే సరిపోతుంది కదా. ఉన్నది కూడా పోతే ఏం చేస్తావు?" అన్నాడు. అతని భయం నాకూ ఉంది. అమ్మ కూడా వద్దంది. "నేను బతకలేదా ఇలా?" అంది. ఆ మాటకే నాకు ధైర్యం వచ్చిందేమో తెలియదు. అమ్మ ఎలా బతికిందో ఇప్పుడు చూశాను కదా. శ్రావణంలో ఒక చెవికి చేయించుకుంటానన్నాను.

మెలకువగా ఉండగానే చేశారు. మొహం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పారు. చెవి చుట్టూ మొద్దుబారింది. నా తల ఒక ఖాళీ ఇల్లయినట్టు, దాని మేడ మీద ఎవరో చెప్పులేసుకుని అటూ ఇటూ నడుస్తున్నట్టు అనిపించింది. ఎక్కడో నీళ్ళు పారాయి. ఏదో గీరుకుంది. ప్రపంచం ఒక్కసారి గిర్రున తిరిగి ఆగింది. నేను నిద్రలోకి జారిపోతున్నానేమో అనుకున్నాను.

"ఉదయశ్రీ గారూ, మీదే ఊరండీ?"

డాక్టరు గొంతు. మామూలు గొంతు కూడా కాదు, పక్కనున్న మనిషికి రహస్యం చెప్పేంత చిన్న గొంతు. గుడ్డ వెనక నుంచి, పెదవులు కనబడకుండా వచ్చింది.

"తెనాలండీ" అన్నాను. నా మాట నా తలలో కాకుండా బయట, గదిలో ఎక్కడో వినిపించింది. కన్నీళ్ళు ఆకుపచ్చ గుడ్డ కిందే చెవుల వైపు జారాయి. "కదలకండి, కదలకండి" అంటూ నర్సు వాటిని తుడిచింది.

కట్టు ఉన్నన్నాళ్ళూ ఇల్లు పడవలా ఊగింది. నాలుక మీద ఇనుము రుచి. బరువులు ఎత్తకూడదు, ముక్కు గట్టిగా చీదకూడదు. పాపను ఎత్తుకోకూడదు. అమ్మే పాపను తెచ్చి నా పక్కన పడుకోబెట్టేది, పాలు తాగాక తీసుకెళ్ళేది. కళ్ళు మూసుకుంటే గది తిరిగేది. తెరిస్తే అమ్మ పమిట అంచు కనిపించేది.

కట్టు తీసిన రోజు వాన పడుతోంది. ఇంటికొచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను. రేకుల మీద ఒక రకంగా, వేపాకుల మీద ఒక రకంగా, కింద బండి సీటు మీద ఇంకో రకంగా, చూరు కింద బకెట్టులో వేరే రకంగా. ఒకే వాన ఇన్ని చోట్ల ఇన్ని గొంతులతో కురుస్తుందని నేను మరిచేపోయాను. వెనక నుంచి భరత్ ఎప్పుడొచ్చాడో తెలియదు.

"కాఫీ తాగుతావా?" అన్నాడు, అలవాటుగా, తనలో తను అనుకున్నట్టు.

"తాగుతాను" అన్నాను.

అతను అక్కడే ఆగిపోయాడు. కాసేపటికి నవ్వి, "ఎందుకు అంత గట్టిగా చెబుతావు? పక్కనే ఉన్నా కదా" అన్నాడు. అంటూ నా వీపుకు తల ఆనించాడు. అతని ఊపిరి తడబడటం కూడా వినిపించింది నాకు.

అప్పుడే గోడ అవతల నుంచి ఎవరిదో గొంతు వినబడింది. సన్నగా, ఎడతెగకుండా, చిన్న కాలువ పారుతున్నట్టు.

"ఎవరొచ్చారు?" అన్నాను.

"ఎవరూ రాలేదు. అత్తయ్య పాపతో మాట్లాడుతున్నారు. ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటారు కదా." అని నా మొహం చూసి, "నీకు తెలీదు కదా" అన్నాడు.

నాకు తెలియదు. అమ్మ మాట్లాడని మనిషి అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను. గుమ్మం పక్కన నిలబడి విన్నాను. గోంగూర ఎలా వలవాలో చెప్పింది పాపకు. తాతయ్యకు తుమ్ము వస్తే ఇల్లు ఎలా అదురుతుందో చెప్పింది. తర్వాత గొంతు ఇంకా తగ్గించి, "ఇటు చూడు, నా మొహం చూడు. ఎవరు మాట్లాడినా మొహం చూడాలి, తెలిసిందా? కళ్ళూ నోరూ చూస్తే చాలు, సగం అర్థమైపోతుంది. మిగతా సగానికి నవ్వితే సరిపోతుంది" అంది.

పాప ఆమె మొహంలోకే చూస్తోంది. నేను లోపలికి వెళ్ళలేకపోయాను.

మిషన్ సంగతి ఎత్తితే అమ్మ ఒప్పుకునేది కాదు. ఈ వయసులో ఎందుకు అనేది. అందరికీ తెలిసిపోయింది కదా, ఇక దాచేదేముంది అంటే, "తెలిసిపోయింది కదా, ఇక మిషనెందుకు?" అనేది. నాన్న బతిమాలారు. నేను అలిగాను. భాద్రపదం వచ్చింది. వినాయకుణ్ణి నీళ్ళలో కలిపాం. వానలు పలచబడ్డాయి. టవర్ల పై అంతస్తులు మళ్ళీ కనబడుతున్నాయి.

ఒక పొద్దున అమ్మ పాపను భుజాన వేసుకుని హాల్లో తిరుగుతోంది. పాప అమ్మ మెడ వెనక నుంచి మా వైపు చూస్తూ "త్త... త్త... త్తా" అంది. మొదటిసారి.

"అత్తా అంటోంది, భరత్ చెల్లెల్ని పిలుస్తోంది" అన్నారు నాన్న. భరత్ పడీ పడీ నవ్వాడు. నేను కూడా.

అమ్మ ఆగింది. నాన్న మొహం చూసింది, భరత్ మొహం చూసింది, నా మొహం చూసింది. తనూ నవ్వబోయింది. మళ్ళీ ఏమనుకుందో, పాపను గబగబా భుజం మీద నుంచి దించి ఎదురుగా పట్టుకుంది. "ఏమన్నావమ్మా? ఏదీ, మళ్ళీ అను." పాప నోరు మూసుకుని అమ్మ ముక్కు పట్టుకుంది. అమ్మ చాలాసేపు అలాగే చూస్తూ ఉంది దాని నోటి వంక.

మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడింది.

"ఆ మిషను ఎన్నాళ్ళలో ఇస్తారే?"

"ఎందుకమ్మా, ఇప్పుడు?"

అమ్మ పొయ్యి మీద పాలు చూస్తూ చెప్పింది. "భుజం మీద ఉన్నప్పుడు దాని నోరు నాకు కనబడదు కదా."

మిషను వచ్చిన మొదటి వారం అమ్మ దాన్ని రోజుకు పదిసార్లు తీసి డబ్బాలో పెట్టేది. పళ్ళేల చప్పుడు చెవిలో గుచ్చుకుంటోందంది. ఫ్యాను గోల భరించలేనంది. "మీరు రోజూ ఇంత అరుస్తారా?" అని నాన్నను అడిగింది. నాన్న నొచ్చుకుని ఒక పూటంతా మాట్లాడలేదు. మిల్లు ఆగిందా అని అడిగితే, "లేదు, దూరంగా జరిగింది" అంది. మెల్లగా పెట్టుకునే సమయం పెరిగింది.

ఇంకో చెవికి కూడా ఎప్పుడో చేయించుకోవాలి నేను. పాపకు ఏటేటా పరీక్ష చేయించాలి. ఇవన్నీ ముందున్నాయి.

ఒకరోజు ఆఫీసు నుంచి తొందరగా వచ్చాను. ఎండ వచ్చి ఉంది. బాల్కనీలో అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. పాప ఆమె భుజం మీద, నోరు అమ్మ చెవి పక్కకు పెట్టుకుని ఉంది. నేను చెప్పులు విప్పి దగ్గరికి వెళ్ళాను.

"ఏమంటోందమ్మా?"

అమ్మ వెనక్కి తిరగలేదు. వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"నిద్రపోయిందే. ఊపిరి తీస్తోంది" అంది.